పాటలో ద, కార్డులో ద

మా సోలాపూర్ తెలుగు సంఘంలో హార్మోనియం నాది. నాకు వచ్చినవి మూడే కార్డులు: సి, ఎఫ్, జి. వచ్చే ఆదివారం మా ఇంటామె జ్ఞాపకార్థ కూడిక. ఆమె పాడిన పాటకు గాస్పెల్ కార్డులు కావాలని మనవడు ల్యాప్‌టాప్‌లో ఏఐని అడిగిండు. సి, ఇ సెవెన్, ఎ మైనర్, ఎఫ్, ఎఫ్ మైనర్, మళ్లీ సి అని ఇచ్చింది. సాఫ్టువేరులో పేర్చి వినిపిస్తే ఎఫ్ మైనర్ దగ్గర గుండె తరుక్కుపోయింది.

పాడి చూస్తే మాత్రం అక్కడే పోగు తెగింది. సి మీద స పట్టుకుంటే పాటలో ఉన్నది పెద్ద ద, ఎఫ్ మైనర్‌లో వచ్చేది చిన్న ద. కలిసి మోగితే కొట్టుకుంటాయి. ఏఐ కార్డులైతే చెప్పింది గాని, పాట వినలేదు గదా!

"తీసేద్దామా తాతా?"

"వద్దురా. చరణం అయినంక ఊపిరి తీసుకునే చోటికి జరుపు."

జరిపిండు. ఆమె ఎప్పుడూ అక్కడ కొంచెం ఎక్కువే ఆగేది.