బంతి అందించడం నేర్పిన రహీం సాబ్

సాయంత్రం ఆట ముగించుకుని ఇంటికి వచ్చిన పిల్లవాణ్ని మనం మొట్టమొదట ఏమని అడుగుతాం? 'గెలిచారా?' అని. ఆ తర్వాత, 'నువ్వెన్ని కొట్టావు?' అని. 'ఎవరికైనా బంతి అందించావా?' అని అడిగే తల్లిదండ్రులు అరుదు. ఆ ఒక్క ప్రశ్న మీదే జట్లను తీర్చిదిద్దిన మాస్టారు ఒకరు మన హైదరాబాద్‌లో ఉండేవారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లందరికీ రహీం సాబ్.

1909లో హైదరాబాద్‌లో పుట్టిన రహీం సాబ్ బడిలో పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకులయ్యారు. ఆ ఏడాది నుంచి 1954 వరకు ఆ జట్టు బొంబాయి రోవర్స్ కప్పును వరుసగా ఐదుసార్లు గెలుచుకుంది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

నియమమే పాఠం

కుర్రాళ్ల కోసం రహీం సాబ్ ప్రత్యేకమైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ చేయకూడదు. అంటే బంతిని కాళ్ల దగ్గరే ఉంచుకుని ఎదుటివారిని తప్పించుకుంటూ పోకూడదు. అందిన బంతిని వెంటనే తోటివాడికి ఇచ్చేయాలి. మరో పోటీలో అలవాటులేని కాలితోనే ఆడాలి.

ఆటలో మెలకువలు నేర్పడానికి పెట్టిన పోటీలే ఇవి. కానీ వీటిలో దాగిన గుణపాఠం చూడండి. బంతి నా సొత్తు కాదని మొదటి నియమం చెబుతుంది. నాలోనూ ఒక లోపం ఉందని, దాన్ని దాచుకోకుండా సాధనతో దిద్దుకోవాలని రెండోది చెబుతుంది. గంటసేపు ఉపన్యాసం ఇచ్చినా పిల్లల తలకెక్కని సంగతిని ఆయన ఆట నియమంగా మార్చేశారు.

జకార్తాలో పరీక్ష

ఈ పాఠానికి అసలు పరీక్ష 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఎదురైంది. మొదటి మ్యాచ్‌లోనే మన జట్టు దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. థాయిలాండ్‌తో ఆడుతుండగా రక్షణ వరుసకు మూలస్తంభం లాంటి జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం సాబ్ ఆయన్ను వెనక వరుస నుంచి తెచ్చి ముందు వరుసలో ఆడించారు. పేరు తెచ్చిపెట్టిన స్థానాన్ని వదులుకుని, కుట్లు వేసిన తలతోనే జర్నైల్ బరిలోకి దిగారు.

సెప్టెంబరు 4న ఫైనల్. మళ్లీ అదే దక్షిణ కొరియా. రాజకీయ వివాదం వల్ల ప్రేక్షకులు భారత్‌కు వ్యతిరేకంగా హోరెత్తిపోతున్నారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు చేశారు. భారత్ 2-1తో గెలిచింది. ఆ జట్టు కెప్టెన్ చునీ గోస్వామి. కానీ జట్టు అవసరాన్ని తన పేరుకన్నా ముందు పెట్టిన ప్రతి ఆటగాడూ ఆ రోజు నాయకుడే. అప్పటికే జబ్బుతో ఉన్న రహీం సాబ్ 1963 జూన్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఇంట్లో మొదలయ్యే తప్పు

మైదానానికి పంపినంత మాత్రాన పిల్లలకు మంచి నడవడి దానంతటదే అబ్బుతుందనుకోవడం పొరపాటు. అంపైరును దూషించడం, ఓడితే నెపం తోటివాడిపైకి నెట్టడం కూడా అక్కడే నేర్చుకోవచ్చు. కొన్ని ఇళ్లలో అయితే తప్పు మైదానానికి వెళ్లకముందే మొదలవుతోంది. చిన్నవాళ్ల పోటీలో గెలిపించాలని కొడుకు వయసును రెండేళ్లు తగ్గించి కాగితం పుట్టించే తండ్రులున్నారు. ఇలాంటి మోసాలను అరికట్టడానికి 2010లో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక నియమావళినే తేవలసి వచ్చింది. ఆ కాగితంతో పతకం వచ్చిందనుకుందాం. కన్నతండ్రే అబద్ధం నేర్పాడన్న సంగతి ఆ బిడ్డ మనసులోంచి పోతుందా?

న్యాయంగా పోటీపడి ఓడిపోవడంలో చిన్నతనమేమీ లేదు. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌నే చూడండి. ఒలింపిక్ అర్హత పోటీలకు ఎంపిక ట్రయల్ ద్వారానే జరగాలని 2019లో గట్టిగా కోరింది. ఆ ట్రయల్‌లో మేరీ కోమ్ చేతిలో ఓడింది. అయినా సాధన మానలేదు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేతగా నిలిచింది. ఆమెకు తొలి ప్రోత్సాహం తండ్రి నుంచే దొరికింది.

మనం చేయగలిగినవి

ఇందుకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. బస్తీ జట్టులో కెప్టెన్‌గా ఒక్కడినే ఉంచకుండా వంతులవారీగా అందరికీ అవకాశమివ్వండి. కొత్తగా వచ్చిన చిన్నవాడికి ఆట నేర్పే పని పెద్దవాడికి అప్పగించండి. వలలు, బంతులు సర్దే పని అందరూ పంచుకోవాలి, బాగా ఆడేవాడికి మినహాయింపు ఉండకూడదు. కొడుకుతోపాటు కూతుర్నీ మైదానానికి తీసుకెళ్లండి. ఓడిన రోజున ఇంట్లో తిట్లు వద్దు. ఎదుటి జట్టును అభినందించి వచ్చారో లేదో కనుక్కుంటే చాలు.

ఇక ఈ సాయంత్రం మీ బిడ్డ చెమటతో, దుమ్ముతో గుమ్మంలో అడుగుపెట్టినప్పుడు మంచినీళ్లు అందిస్తూ అడిగి చూడండి: 'ఈ రోజు ఎవరికి బంతి అందించావు, బేటా?'