గాబరా వంశంలో ఉందా?

అర్ధరాత్రి ఉన్నట్టుండి గుండె దడ. ఊపిరాడదు, చేతులు తిమ్మిరెక్కుతాయి, ప్రాణం పోతోందనిపిస్తుంది. ఆస్పత్రికి పరిగెత్తి ఈసీజీ తీయిస్తే అంతా బాగానే ఉందంటారు. కొద్ది నిమిషాల్లోనే తీవ్రమై, తర్వాత నెమ్మదించే ఈ పానిక్ అటాక్ పదే పదే వస్తూ, మళ్లీ ఎప్పుడొస్తుందోనన్న బెంగ నెలకు పైగా వదలకపోతే అది పానిక్ డిజార్డర్. ఆ పేరు వినగానే ఇంట్లో మొదటి మాట, "వాళ్లమ్మకీ ఇంతే!"

అపోహ: అమ్మకుంటే పిల్లలకూ వచ్చి తీరుతుంది.

వాస్తవం: తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఉంటే ముప్పు పెరిగే మాట నిజమే. 2001లో మనోవ్యాధుల జన్యు పరిశోధకుడు కెన్నెత్ కెండ్లర్ బృందం పాత అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే అది సుమారు అయిదు రెట్లని తేలింది. అయినా అలాంటి కుటుంబాల్లోనూ ఎక్కువమందికి ఈ జబ్బు రాదు. జన్యువులన్నీ ఒకటే అయిన కవలల్లో కూడా ఒకరికి వచ్చి మరొకరికి రాకపోవచ్చు.

మరి సంక్రమించేదేమిటి? జబ్బు కాదు, ఒంట్లో చిన్న మార్పుకే బెదిరిపోయే తత్వం. 35 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన వాయువును ఒక్కసారి పీల్పించి చూసిన ప్రయోగాల్లో, పానిక్ రోగుల దగ్గరి బంధువులు తమకు ఏ జబ్బూ లేకున్నా మిగతావారికంటే ఎక్కువగా గాబరాపడ్డారు. ఆ తత్వానికి తీవ్రమైన ఒత్తిడో, చిన్ననాటి కష్టాలో తోడైతే జబ్బుగా మారే ప్రమాదం ఎక్కువ.

అపోహ: జన్యు పరీక్షతో ముందే తెలుసుకోవచ్చు.

వాస్తవం: అలాంటి పరీక్ష లేదు. 15వ క్రోమోజోమ్‌లో కారణం దొరికిందని 2001లో బార్సిలోనా శాస్త్రవేత్తలు ప్రకటిస్తే, తర్వాత వెతికినవారికి అది కనిపించలేదు. ఇందులో ఎన్నో జన్యువుల పాత్ర ఉంది, ఒక్కోదాని ప్రభావం చాలా స్వల్పం. కాబట్టి పరీక్ష చేస్తామనేవారికి డబ్బు కట్టకండి.

అపోహ: రక్తంలో ఉన్నదానికి మందేమిటి?

వాస్తవం: అన్నిటికంటే హాని చేసేది ఈ మాటే. మందులు, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ చాలామందికి బాగా పనిచేస్తాయి. థెరపీలో సన్నటి స్ట్రాతో ఊపిరి పీల్పిస్తారు, కుర్చీలో గిర్రున తిప్పుతారు. ఆ ఆయాసం, ఆ తల తిరుగుడు ప్రాణం తీసేవి కావని ఒంటికే అనుభవంలోకి తెస్తారు.

పెళ్లి సంబంధాలు చెడతాయని పెద్దలు దీన్ని దాస్తారు. దాంతో పిల్లలు గుండె పరీక్షల చుట్టూ ఏళ్ల తరబడి తిరుగుతారు. తొలిసారి ఛాతీలో నొప్పి వస్తే గుండెను పరీక్షించాల్సిందే. అది బాగుందని తేలాక ఇంట్లో ఇంకెవరికి ఇలా ఉండేదో డాక్టర్‌కు చెప్పండి. ఎవరిని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.