వెళ్లేటప్పుడు 8 గంటలు, వచ్చేటప్పుడు 7 గంటలేనా?

లండన్ నుంచి న్యూయార్క్‌కు దాదాపు 5,550 కిలోమీటర్లు. విమానం వెళ్లడానికి 8 గంటలు పడితే, తిరిగి రావడానికి 7 గంటలే చాలు. ఆ గంట ఎలా మిగిలింది?

భూమి తిరగడం వల్ల అనుకుంటున్నారా? నేరుగా కాదర్రా! భూమితో పాటు గాలీ తిరుగుతుంది, అందులో ఎగిరే విమానమూ తిరుగుతుంది.

అసలు కిటుకు 10 కిలోమీటర్ల ఎత్తున ఉంది. వేడి ప్రాంతాల గాలికీ, ధ్రువాల చల్లగాలికీ మధ్య తేడా వల్ల అక్కడ గాలి జోరందుకుంటుంది. భూమి తిరుగుడు దాన్ని తూర్పుకు మళ్లిస్తుంది. అదే జెట్ స్ట్రీమ్, అంటే ఆకాశంలో పారే గాలి ఏరు. గోదావరిలో పడవ వాలుకు జోరుగా సాగుతుంది, ఎదురీదితే నెమ్మదిస్తుంది కదా? విమానానికీ అంతే: పడమరన ఉన్న న్యూయార్క్‌కు వెళ్లేటప్పుడు ఈ గాలికి ఎదురెళ్లాలి, తూర్పుకు తిరిగొచ్చేటప్పుడు అదే వెనుక నుంచి తోస్తుంది. చలికాలంలో వేడికీ చలికీ తేడా ఎక్కువ, కాబట్టి ఈ గాలికి బలమూ ఎక్కువే. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలి తోడై, ఒక విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లోనే చేరింది. ఎంత అద్భుతం!

మీరెప్పుడైనా విమానమెక్కితే, సీటు ముందు తెర ఉంటే అందులో వేగం ఎంతో చూడండి. వెనుక నుంచి గాలి తోస్తోందో, ఎదురొస్తోందో మీరే ఊహించవచ్చు.