వార్తల్లో పదం: ఇంక్లైన్

'12-3-30' అనే నడక వ్యాయామంతో ఈ మాట వినిపిస్తోంది. ఇంక్లైన్ అంటే ట్రెడ్‌మిల్ ముందుభాగం లేస్తే ఏర్పడే ఎక్కుడు. ఆ పేరులోని 12 ఈ ఎక్కుడు శాతమే. 12 శాతమంటే 100 మీటర్ల అడ్డదూరానికి 12 మీటర్ల ఎత్తు. డిగ్రీల్లో ఏడుకు కాస్త తక్కువ. నల్లపాడు మిర్చి చేలవెంట ఎంత నడిచినా ఇంత ఎక్కుడు దొరకదు, కోటప్పకొండకు పోవాల్సిందే!

పట్టాను తిప్పే మోటారు వేరు, ఎత్తేది వేరు. ఇది మరచుట్ల కడ్డీని తిప్పి చట్రాన్ని లేపుతుంది, వెనక్కి తిప్పి దించుతుంది. ఎత్తు ఎంతుందో సెన్సర్ చెబుతుంటే, అడిగిన అంకె రాగానే కంట్రోల్ బోర్డు మోటారును ఆపుతుంది. సెన్సర్ లెక్క తప్పితే తెరమీద 12 ఉన్నా కాళ్లకింద 8 ఉండొచ్చు. అప్పుడు కాలిబ్రేషన్ చేయాలి.

ఎక్కుడు పెరిగేకొద్దీ శ్రమా పెరుగుతుంది. గుండెకు చేసే ట్రెడ్‌మిల్ పరీక్ష (టీఎంటీ)లోనూ ఇదే సూత్రం. బ్రూస్ పద్ధతిలో 10 శాతంతో మొదలై, ప్రతి 3 నిమిషాలకు వేగంతోపాటు ఎక్కుడూ 2 శాతం పెరుగుతుంది.

చేతిపట్టీ పట్టుకుని వేలాడితే మాత్రం ఆ శ్రమ బాగా తగ్గిపోతుంది.