ఈత రానిదే పట్టము లేదు

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ లోకప్రసిద్ధమైనది. గణితమునందును భౌతికశాస్త్రమునందును ఆరితేరిన యువతీయువకులు అచట చదువుచుందురు. అయినను మొదటి డిగ్రీకి చదువువారు ఆ శాస్త్రములన్నిట ఉత్తీర్ణులైనంత మాత్రమున చాలదు. కొలనులో 100 గజములు, అనగా సుమారు 91 మీటర్లు, ఆగకుండ ఈది చూపవలెను. అది చేతకానివారు ఈత తరగతిలో చేరి నేర్చుకొనవలెను. ఈ రెంటిలో ఏదియు చేయనివారికి పట్టము రాదు.

చదువునకును ఈతకును సంబంధమేమని శ్రోతలకు తోచవచ్చును. ఈ నియమము ఎట్లు పుట్టినది, కొన్నిచోట్ల ఏల తొలగినది, దానినుండి మనము గ్రహింపదగినది ఏమి అను విషయములను ఈ ప్రసంగమున విన్నవింతుము.

దీని పుట్టుకను గూర్చి ఒక కట్టుకథ కలదు. 1912లో టైటానిక్ నౌక మునిగినపుడు, హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివిన హ్యారీ ఎల్కిన్స్ వైడెనర్ అను యువకుడు మరణించెను. ఆతని తల్లి కుమారుని పేర అచట ఒక గొప్ప గ్రంథాలయమును కట్టించెను. అది 1915లో తెరువబడినది. ఇకమీదట విద్యార్థులందరును ఈత నేర్వవలెనని ఆమె షరతు విధించెనని చెప్పుకొందురు. గ్రంథాలయము నిజము, షరతు మాత్రము కల్పన. అదియునుగాక, ఆ రాత్రి సముద్రజలము గడ్డకట్టునంత చల్లగా నుండెను. నీటబడినవారిలో అనేకులు ఈత రాక కాదు, చలికి తాళలేక చనిపోయిరి.

నిజమైన కారణములు ఇంత కథాత్మకములు కావు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున, దేహమును సాధన చేయుటయు విద్యలో భాగమేనను భావము అమెరికా కళాశాలలలో బలపడినది. పిదప రెండవ ప్రపంచయుద్ధము వచ్చినది. 1943లో ఆ దేశపు నౌకాదళము నూటికి పైగా కళాశాలలలో అధికారుల శిక్షణ ప్రారంభించెను. ఓడ మునిగినచో ఈత రాని సైనికుని గతి యేమో చెప్పనక్కరలేదు. ఉత్తర కరొలినా విశ్వవిద్యాలయమున 1940ల దశాబ్దమున వచ్చిన ఈత పరీక్ష, యుద్ధము ముగిసిన పిదపను అరువది యేండ్లు సాగి, 2006లో ఆగినది. షికాగో విశ్వవిద్యాలయము 2012లోను, డార్ట్‌మత్ కళాశాల 2022లోను తమ పరీక్షలను విడిచిపెట్టినవి.

తొలగింపును కోరినవారి వాదము ఆలోచింపదగినది. పరీక్షలో తప్పువారు ఎవరు? చిన్ననాట కొలను చూడనివారు. కొలను ఏల చూడలేదు? దీనికి చరిత్రయే సమాధానము చెప్పును. మిసిసిపీ రాష్ట్రమందలి జాక్సన్ నగరమున నల్లవారిని తెల్లవారితోపాటు కొలనులలోనికి రానీయవలసిన స్థితి యేర్పడగా, నగరపాలకులు తమ కొలనులనే మూసివేసిరి. ఆ మూసివేత రాజ్యాంగ విరుద్ధము కాదని 1971లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఐదుగురు న్యాయమూర్తులు ఒక పక్షమును, నలుగురు వేరొక పక్షమును వహించిరి. కొలను లేనిచోట తల్లికి ఈత రాదు. ఈత రాని తల్లి బిడ్డను నీటి దరికి పోనీయదు. ఆ బిడ్డ పెరిగి విశ్వవిద్యాలయమునకు వచ్చినపుడు, తన తప్పు కాని దానికి పరీక్షలో తప్పును. పేదరికము వలనను ఇట్లే జరుగును.

ఈ వాదము న్యాయమైనదే. కాని పరీక్షను తీసివేసినంత మాత్రమున ఆ విద్యార్థికి ఈత వచ్చునా? మా దృష్టిలో ఇందలి కీలకము పరీక్ష కాదు, దాని వెనుకనున్న తరగతి. కేవలము అడ్డుగోడగా నిలిచిన పరీక్ష అన్యాయము. తప్పినవానిని చేయిపట్టి నీటిలోనికి దింపి, భయము పోగొట్టి, ఈదించి పంపు పరీక్ష మేలు చేయును. అది ఎవరికి ఎక్కువ అవసరమో వారికే ఎక్కువగ ఉపకరించును. చైనాలోని సింఘువా విశ్వవిద్యాలయము 2017లో 50 మీటర్ల ఈతను పట్టమునకు నియమముగా ప్రకటించినపుడును, నదులు సముద్రములు ఎరుగని లోతట్టు ప్రాంతముల విద్యార్థుల సంగతి యేమని ప్రశ్నలు వచ్చినవి. వారికి నేర్పుటయే దానికి తగిన సమాధానము.

ఇట్టి పరీక్ష కోరునది వేగము కాదు, నిబ్బరము. మానవదేహము నీటికంటె బరువైనదని భ్రమపడుదుము గాని, ఊపిరితిత్తుల నిండ గాలి యున్నపుడు సామాన్యముగా అది తేలును. బెదరి చేతులను నీటిపైకెత్తినచో ఆ చేతుల బరువు తలను ముంచును. తలవని తలంపుగా నీటబడినవాడు తరచుగా గట్టునకు కొలది గజముల దూరముననే యుండును. 100 గజములు నెమ్మదిగా ఈదగలవానికి ఆ కొలది దూరము భయము గొల్పదు.

ఇక మన సంగతి. ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా ననుసరించి 2021లో లోకమున సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయిరి. మన దేశమున ఏటేట 30 వేలకు పైగా ఇట్లు మరణించుచున్నారు. పూర్వము తెలుగు పల్లెలలో మోటబావియే ఈత పాఠశాల. ఎండిన సొరకాయ బుర్రలో, బెండ్లో నడుమునకు కట్టి, అన్నయో మేనమామయో పిల్లవానిని బావిలోనికి దింపెడివాడు. ఆడపిల్లలకు ఆ భాగ్యము అరుదు. నేడు గొట్టపుబావులు వచ్చి మోటబావులు పూడిపోయినవి. పట్టణములలో కొలనులు కొలదిమందికే అందును. నేర్పువారు తగ్గిరి గాని, చెరువులును కాలువలును తగ్గలేదు.

ఈత సర్వరక్షయని చెప్పుట మా అభిమతము కాదు. 2014 జూన్ 8న హిమాచలప్రదేశమున బియాస్ నదిలో, లార్జీ జలాశయము నుండి విడిచిన నీటి వెల్లువకు హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది కొట్టుకొనిపోయిరి. అట్టి ప్రవాహము ముందు గజయీతగాడును నిలువలేడు. కనుక ఈతతోపాటు నీటి స్వభావమునుకూడ నేర్పవలెను: ఆనకట్ట దిగువ నదిలో దిగరాదు, లోతు తెలియని గుంటలో దుముకరాదు, మునుగువానికి కేకవేయుటకు ఊపిరి చాలదు కనుక, నిశ్శబ్దమును క్షేమమని భావింపరాదు, ఆతని కొరకు తానును దుముకక, త్రాడో, చీరయో, మూతబిగించిన ఖాళీడబ్బాయో అందీయవలెను.

మన కళాశాలలు పట్టమునకు ఈతను ముడిపెట్టవలెనా యను ప్రశ్న తరువాతి మాట. మొదట ప్రతి పట్టణమున ఒక కొలను, దానియొద్ద నేర్పుగల శిక్షకుడు, బాలికలకు ప్రత్యేక వేళలు ఉండవలెను. అవి యేర్పడువరకు, ఈత వచ్చిన పెద్దలు వేసవి సెలవులలో తమ యింటి బిడ్డలకు, ముఖ్యముగ ఆడబిడ్డలకు, నడుములోతు నిలకడ నీటిలో దగ్గరనుండి నేర్పింతురుగాక. పదునెనిమిదేండ్ల వయసున కళాశాల నేర్పదలచినదానిని ఎనిమిదేండ్ల వయసుననే ఇల్లు నేర్పవచ్చును.