చిన్న పట్టణాల పురపాలక అధికారులు: విధులు, అధికారాలు, పరిమితులు

వ్యాససంగ్రహం:
చిన్న పట్టణాలలో పౌరునికి అత్యంత సమీపంలో ఉండే పాలనావ్యవస్థ పురపాలక సంఘం. జనన నమోదు మొదలు ఇంటి పన్ను వరకు అనేక విషయాలు అక్కడి అధికారుల చేతిలోనే ఉంటాయి. తెలుగు రాష్ట్రాల నేపథ్యంలో ఆ అధికారుల విధులను, అధికారాలను, వాటికి చట్టం విధించిన హద్దులను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పురపాలక సంఘం, కమిషనర్, పాలకమండలి, తాఖీదు, వీధి వ్యాపారులు, చీరాల-పేరాల.

1. ఉపోద్ఘాతం:
1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించింది. వాటికి అప్పగించదగిన 18 అంశాలను పన్నెండవ షెడ్యూలు పేర్కొన్నది. తాగునీరు, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, శ్మశానాలు, బందెలదొడ్లు వాటిలో కొన్ని. ఆంధ్రప్రదేశ్‌లో 1965 నాటి పురపాలక సంఘాల చట్టం, తెలంగాణలో 2019 నాటి చట్టం ఈ వ్యవస్థకు ప్రధాన ఆధారాలు.

2. పాలకమండలి - కమిషనర్:
పాలకమండలిని ప్రజలు ఎన్నుకుంటారు. కమిషనర్‌ను రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది. తీర్మానించడం మండలి పని, అమలు చేయడం కమిషనర్ పని. అందువల్ల కమిషనర్ ఇటు మండలికి, అటు ప్రభుత్వానికి జవాబుదారీగా ఉంటారు.

ఎన్నికైన మండలి లేనప్పుడు ఏమవుతుందో చీరాల-పేరాల చరిత్ర చెబుతుంది. 1919లో మద్రాసు ప్రభుత్వం ఈ గ్రామాలను కలిపి పురపాలక సంఘంగా మార్చింది. పన్నుల భారం పెరగడంతో ప్రజలు వ్యతిరేకించారు. సభ్యులు రాజీనామా చేసినా ప్రభుత్వం జీతం మీద అధ్యక్షుణ్ణి నియమించి పాలన సాగించింది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ప్రజలు ఊరు విడిచి, రామనగరంలో పాకలు వేసుకొని సుమారు 11 నెలలు గడిపారు. నేడు రాజ్యాంగం మండలికి ఐదేళ్ల గడువు నిర్ణయించింది. అయినా గడువు ముగిసి ఎన్నికలు ఆలస్యమైన కాలంలో ప్రత్యేకాధికారి పాలనే సాగుతున్నది. అప్పుడు తీర్మానమూ అమలూ ఒకే చేతిలోకి వస్తాయి. వార్డు సమస్యను సభలో నిలదీసే ప్రతినిధి ఉండరు.

3. అధికారుల విధులు:
కమిషనర్ కింద వివిధ విభాగాలు పనిచేస్తాయి. రెవెన్యూ విభాగం ఆస్తి పన్ను మదింపు, వసూలు చూస్తుంది. ఇంజనీరింగ్ విభాగం రోడ్లు, మురుగుకాలువలు, నీటి సరఫరా నిర్వహిస్తుంది. పట్టణ ప్రణాళిక విభాగం భవన అనుమతులను పరిశీలిస్తుంది. పారిశుద్ధ్య విభాగం చెత్త సేకరణను పర్యవేక్షిస్తుంది. జనన మరణాలను 21 రోజులలోపు తెలియజేస్తే రుసుము లేకుండా నమోదు చేయాలి. బడి ప్రవేశానికైనా వారసత్వ హక్కుకైనా ఈ నమోదే ఆధారం కాబట్టి, ఇక్కడి జాప్యం కుటుంబాన్ని ఏళ్ల తరబడి ఇబ్బంది పెడుతుంది.

4. అధికారాలు - హద్దులు:
అధికారుల శక్తి ఎక్కువగా కనిపించేది తొలగింపులలో. వీధి వ్యాపారుల చట్టం (2014) ప్రకారం సర్వే పూర్తయి, వ్యాపార ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ ఖాళీ చేయించరాదు. ఆ తరువాత స్థలం మార్చాలన్నా 30 రోజుల ముందు తాఖీదు ఇవ్వాలి. సరకులను స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి ప్రతి ఇవ్వాలి. పాడైపోయే సరకును యజమాని కోరిన రోజే తిరిగి ఇవ్వాలి. పట్టణ వ్యాపార కమిటీకి కమిషనరే అధ్యక్షులు. అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులు ఉండాలి. అంటే బండిని తొలగించగల అధికారే ఆ బండికి చోటు చూపవలసిన బాధ్యుడు కూడా.

భవనాల విషయంలో తెలంగాణ 2019 చట్టం స్వీయ ధ్రువీకరణ ద్వారా అనుమతిని సులభం చేసింది. ఆ ధ్రువీకరణను ఉల్లంఘించిన కట్టడాన్ని తాఖీదు లేకుండానే కూల్చే అధికారమూ ఇచ్చింది. అయితే 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు, కూల్చివేతకు ముందు కనీసం 15 రోజుల తాఖీదు ఇవ్వాలని, యజమాని వాదన వినాలని దేశమంతటికీ ఆదేశాలిచ్చింది. ఉల్లంఘించిన అధికారులు సొంత ఖర్చుతో నష్టం భర్తీ చేయవలసి ఉంటుందని హెచ్చరించింది. రోడ్లు, కాలిబాటలు, జలవనరుల వంటి బహిరంగ స్థలాలలోని అనధికార కట్టడాలకు ఈ రక్షణ వర్తించదు.

5. తాఖీదు భాష:
ఈ రక్షణలన్నీ తాఖీదు మీదనే ఆధారపడి ఉన్నాయి. అర్థంకాని భాషలో అందిన తాఖీదు గడువు గడిచిపోవడానికే తోడ్పడుతుంది. 1966 నాటి అధికార భాషా చట్టం తెలుగును పాలనాభాషగా గుర్తించింది. కారణం, గడువు, అప్పీలు చేసుకోవలసిన చోటు సరళమైన తెలుగులో ఉన్నప్పుడే ఆ చట్టం సామాన్యునికి ఉపయోగపడుతుంది.

6. ముగింపు:
• పురపాలక అధికారి అధికారం విధి నిర్వహణకు సాధనం. విధి నుండి విడదీసి దానిని అర్థం చేసుకోలేము.
• ఎన్నికైన మండలి లేని కాలంలో అధికారి బాధ్యత మరింత పెరుగుతుంది.
• తాఖీదు, గడువు, విచారణ పౌరునికి చట్టం కల్పించిన రక్షణలు. అవి పౌరునికి తెలిసిన భాషలో అందినప్పుడే సార్థకమవుతాయి.