106 కాగితాల సాక్ష్యం

ఛాలెంజర్ పేలిన మర్నాడు విద్యార్థులు తమ చేత్తో రాసిచ్చిన జవాబులు, రెండున్నరేళ్ళ తర్వాత వాళ్ళ మాటనే కాదన్నాయి.

‘మెదడులో జ్ఞాపకం ఎలా పుడుతుంది, మళ్ళీ దాన్ని ఎలా గుర్తుపడతాం? ముఖచిత్ర కథనం. గురువారం సాయంత్రానికి ఇచ్చెయ్యి’ అన్నారు ఎడిటరు గారు. రంగురంగుల మెదడు బొమ్మ, జ్ఞాపకశక్తికి పది చిట్కాలు... ఆ దారి తెలిసిందే. చదువుతూ పోతుంటే ఒక ప్రశ్నాపత్రం తగిలింది. దాన్ని దాటి పోబుద్ధి కాలేదు. పైగా ‘కళ్ళకు కట్టినట్టు గుర్తుంది’ అని ఎవరైనా గట్టిగా అంటే నాకు మొదట్నించీ కాస్త అనుమానమే.

1986 జనవరి 28న అమెరికాలో ఛాలెంజర్ వ్యోమనౌక నింగికెగసిన 73 సెకన్లకే ముక్కలైపోయింది. ఏడుగురూ చనిపోయారు. వాళ్ళలో క్రిస్టా మెకాలిఫ్ అనే టీచరమ్మ ఒకరు. మర్నాడు పొద్దున అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో, మనస్తత్వ శాస్త్రవేత్త ఉల్రిక్ నైసర్ ఒక క్లాసులో కాగితాలు పంచాడు. ఆ వార్త మీకెలా తెలిసింది? అప్పుడు ఎక్కడున్నారు? ఏం చేస్తున్నారు? ఎవరు చెప్పారు? పక్కన ఎవరున్నారు? టైమెంత? 106 మంది రాసిచ్చారు. అప్పటికి సంగతి జరిగి ఇరవై నాలుగ్గంటలు కూడా కాలేదు.

1988లో, ఇంకా అక్కడే చదువుతున్నవాళ్ళలో 44 మందిని పిలిచి, నైసర్, ఆయన సహపరిశోధకురాలు నికోల్ హార్ష్ మళ్ళీ అవే ప్రశ్నలు వేశారు. పాత జవాబుతో కొత్తది పోల్చి ఏడుకి మార్కులేశారు. సగటు 2.95. ఏడుకి ఏడూ ముగ్గురికే. పదకొండు మందికి సున్నా. అంటే చోటు, పని, చెప్పిన మనిషి, ఒక్కటీ కలవలేదు.

ఒకమ్మాయి సంగతి చూడండి. మొదటి కాగితంలో ఆమె రాసింది ఇదీ: మతం పాఠం జరుగుతోంది, ఎవరో లోపలికొచ్చి మాట్లాడుకుంటుంటే విన్నాను, క్లాసయ్యాక గదికెళ్ళి టీవీలో వివరాలు చూశాను. రెండున్నరేళ్ళకు కథ మారింది: హాస్టల్ గదిలో రూమ్మేట్‌తో టీవీ చూస్తుంటే వార్త వచ్చింది, ఇద్దరం నిర్ఘాంతపోయాం, అమ్మానాన్నలకు ఫోన్ చేశాను. ఆ తీరు ఆమె ఒక్కదానిదే కాదు. వార్త మొదట టీవీలోనే చూశామన్నవాళ్ళు 1986లో తొమ్మిది మంది. 1988లో పందొమ్మిది మంది.

పోనీ, తడబడుతూ చెప్పారా? లేదు. నమ్మకానికి ఐదు పాయింట్లు పెడితే సగటున నాలుగు దాటింది. అసలు ఇలాంటి కాగితం ఇంతకుముందు నింపామన్న సంగతి గుర్తున్నవాళ్ళు 44లో పదకొండు మందే!

1989లో నలభై మందిని ఇంటర్వ్యూకి కూర్చోబెట్టి, చివర్లో వాళ్ళ పాత కాగితాలు ముందు పెట్టారు. తమ రాత తాము చూసుకుంటే ‘అవునవును, ఇలాగే కదా’ అని పాత సంగతి పైకి తేలుతుందని పరిశోధకుల ఆశ. ఒక్కరికీ తేలలేదు. చేతిరాతను గుర్తుపట్టారు, అందులోని రోజును గుర్తుపట్టలేకపోయారు.

ఆ రెండు గుర్తింపులూ ఒకటి కావు. పెళ్ళిలో ఎదురైన మనిషిని చూసి ‘ఎక్కడో చూసినట్టుందే’ అనుకోవడం ఒకటి. ‘ఫలానా రైల్లో, ఫలానా రోజు’ అని తేల్చడం ఇంకొకటి. మొదటిదానికి మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం చుట్టూ ఉన్న పొరలు చాలని, రెండోదానికి హిప్పోక్యాంపస్ తప్పనిసరని చాలామంది శాస్త్రవేత్తల లెక్క. చూసింది, విన్నది, నిలబడ్డ చోటు మెదడులో తలా ఒక దిక్కున ఉంటాయి. వాటిని ఒక సంఘటనగా ముడివేసేది హిప్పోక్యాంపసే. గుర్తు చేసుకున్నప్పుడల్లా ఆ ముక్కలను తెచ్చి మళ్ళీ అల్లుకుంటాం. హరిదాసు గారు ఊరూరా అదే కథ చెబుతారు, పిట్టకథ మాత్రం ఊరిని బట్టి మారుతుంది. టీవీలో పదేపదే చూపించిన పేలుడు ఆ అమ్మాయి కథలో పిట్టకథగా దూరి, చివరికి అసలు కథయి కూర్చుని ఉంటుంది.

చరిత్ర కూడా ఉండాలన్నారు ఎడిటరు గారు, కాబట్టి గబగబా: 1885లో ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాలు బట్టీపట్టి మరుపు వేగం కొలిచాడు. 1932లో బార్ట్‌లెట్, జ్ఞాపకం అంటే తిరిగి కట్టుకోవడమేనన్నాడు. 1953లో మూర్ఛకు ఆపరేషన్ చేసి హిప్పోక్యాంపస్‌ను చాలావరకు తీసేస్తే హెన్రీ మొలైసన్‌కి కొత్త జ్ఞాపకాలు నిలవలేదు. 1973లో బ్లిస్, లోమో కుందేళ్ళ మెదడులో నాడుల లంకెలు గట్టిపడటం చూపించారు. 2000లో జ్ఞాపకం మీద చేసిన పనికి ఎరిక్ కాండెల్‌కి నోబెల్. అదే ఏడు కరీమ్ నాడెర్ బృందం ఎలుకల్లో, నెమరువేసుకున్న భయం కాసేపు మళ్ళీ చెదిరిపోయే స్థితికి వస్తుందని తేల్చింది.

పెద్ద సంఘటనలు మెదడులో ఫొటోలా ముద్రపడతాయని 1977లో బ్రౌన్, కులిక్ అన్నారు. ‘ఫ్లాష్‌బల్బ్ జ్ఞాపకాలు’ అని పేరూ పెట్టారు. 2001 సెప్టెంబరు 12న డ్యూక్ విశ్వవిద్యాలయంలో టాలరికో, రూబిన్ 54 మంది విద్యార్థులతో రెండేసి జ్ఞాపకాలు రాయించారు: ముందురోజు అమెరికా మీద జరిగిన దాడుల వార్త ఒకటి, ఆ దగ్గర్లో జరిగిన మామూలు సంగతి ఒకటి. నెలలు గడిచేకొద్దీ రెండూ ఒకే తీరున చెదిరాయి. దాడుల జ్ఞాపకం మీద నమ్మకం మాత్రం తగ్గలేదు. నా అనుమానానికి ఇంతకన్నా ఆధారం అక్కర్లేదు. మనిషి ఎంత గట్టిగా చెబుతున్నాడన్నది ఆ జ్ఞాపకం అతనికి ఎంత ముఖ్యమో చెబుతుంది. అది నిజమో కాదో చెప్పదు.

నైసర్ విన్న ఆట

1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ వార్త వచ్చినప్పుడు తాను రేడియోలో బేస్‌బాల్ వింటున్నానని నైసర్ ఏళ్ళ తరబడి నమ్మాడు. అప్పుడతనికి పన్నెండేళ్ళు. తర్వాతెప్పుడో తట్టింది: డిసెంబరులో బేస్‌బాల్ ఆడరు! ఆ రోజు ప్రసారమైంది న్యూయార్క్ జెయింట్స్, బ్రూక్లిన్ డాడ్జర్స్ ఫుట్‌బాల్ ఆట అని తర్వాత ఇతరులు ఆచూకీ తీశారు. ఆ పేర్లతోనే బేస్‌బాల్ జట్లూ ఉండేవి.

ఇంట్లో చేసి చూడండి

వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ఆచూకీ తెలియకుండా పోయింది 2009 సెప్టెంబరు 2న. మరణవార్త ఖాయమైంది మర్నాడు. అప్పటికి ఊహ తెలిసినవాళ్ళందరినీ తలో కాగితం తీసుకుని, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, ఏ వార్త ఎక్కడ విన్నారో రాయమనండి. పోల్చుకోండి. ఎవరిది సరైనదో తేల్చడానికి మాత్రం కూర్చోవద్దు. ఆనాటి డైరీ ఒకటి దొరికితే తప్ప ఆ పంచాయితీ తెగదు.